నీళ్ల దగ్గర ఆగిన ఐక్యత

పూండి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి ఉద్దానం ఊళ్ల మీదుగా టెక్కలి దాకా వెళ్తే పాతకాలపు క్రైస్తవ సంఘాల్లో ఎక్కువ భాగం బాప్టిస్టు సంఘాలే. గుంటూరు వైపు వెళ్తే లూథరన్ సంఘాలు, డోర్నకల్, మెదక్ వైపు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు. ఆ ఊళ్ల తాతముత్తాతలు ఈ సిద్ధాంతాలన్నిటినీ పక్కపక్కన పెట్టి, వాక్యంతో సరిచూసి, ఫలానాది మాది అని ఎంచుకున్నవాళ్లు కారు. ఒకరి పొలంలో ఒకరు దిగకూడదని పంతొమ్మిదో శతాబ్దంలో మిషన్ సంస్థలు జిల్లాలకు గట్లు వేసుకున్నాయి. ఉత్తర సర్కారుల్లో మన కొస కెనడా బాప్టిస్టుల వాటాకు వచ్చింది. విశాఖపట్నంలో 1805 నుంచి పనిచేసిన లండన్ మిషన్ పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇచ్చేది. ఆ మిషన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడి నుంచి తప్పుకొని తన పనిని కెనడా వాళ్లకు అప్పగించింది. అదే లండన్ మిషన్ కడప, గుత్తి వైపు నిలిచిపోయింది కాబట్టి అక్కడి సంఘాలు తర్వాత సి.ఎస్.ఐ.లో కలిశాయి. సముద్రాల అవతలి కమిటీ గదుల్లో జరిగిన పంపకం ఇక్కడ ఎవరి బాప్తిస్మం చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్నంత పెద్ద ప్రశ్న అయింది. నేను స్థిరపడిన కెనడా చరిత్రను మన ఊరివాళ్లకు చెప్పాలనుకోవడానికి కారణం అదే. మన సంఘాల మధ్య ఉన్న గోడల్లో ఒకదానికి పునాది ఈ దేశంలో పడింది. ఆ గోడను ఎంతవరకు దించవచ్చో చూపించే అనుభవం కూడా ఈ దేశానికే ఉంది.

మొదట మనకున్న బంధుత్వం సంగతి. కెనడా తూర్పు అంచున, నోవా స్కోషియాలో, కాన్సో అనే చేపల రేవు ఉంది. ఆ ఊరి హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయురాలు బర్మాకు మిషనరీగా వెళ్తానంటే బోర్డు డబ్బు లేదంది. ఆమె 1870లో ఊరూరా తిరిగి ముప్పైకి పైగా స్త్రీల సహాయ సంఘాలు పెట్టి, ఆ చిన్నచిన్న చందాల మీదే ఓడ ఎక్కింది. తర్వాత ఆమె, ఆమె భర్త ఆర్మ్‌స్ట్రాంగ్ శ్రీకాకుళంలో పనిచేశారు. అంటే మన తీరంలో తొలినాళ్ల బాప్టిస్టు పనికి డబ్బులో కొంత ఇంకో తీరపు ఆడవాళ్ల చందాల నుంచి వచ్చింది. ఒంటారియో బాప్టిస్టుల తరఫున జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ చేరాడు. ఆయన్ను రప్పించినవాడు తోమస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. అప్పటికే సొంతంగా సంఘాలు నడుపుతూ, భారం మోయలేక కెనడాకు ఉత్తరాలు రాసినవాడు. కాబట్టి మన సంఘం పరాయిది అనడం సరికాదు, పిలిచింది మనవాళ్లే. అయితే ఆ పిలుపుతో సువార్తతో పాటు బాప్తిస్మం గురించి కెనడాలో అప్పటికే నడుస్తున్న ఒక తగాదా కూడా వచ్చింది.

ఆ తగాదా అర్థం కావాలంటే ఈ దేశం ఎలా నిండిందో తెలియాలి. క్యూబెక్ ఫ్రెంచి కతోలికులది. బ్రిటిష్‌వాళ్లు దాన్ని గెలుచుకున్నాక 1774 చట్టంతో కతోలికుల ఆరాధనకు స్వేచ్ఛ ఇవ్వక తప్పలేదు. దానికి ఎదురుగా 1791లో ఎగువ కెనడాలో, అంటే ఇప్పటి ఒంటారియోలో, పంచిన భూమిలో ఏడో వంతును ప్రొటెస్టెంటు మతగురువుల కోసం కేటాయించారు. అందులో ఎవరి వాటా ఎంతని ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు దశాబ్దాల తరబడి కొట్లాడుకుంటే, 1854లో చట్టం చేసి ఆ భూముల మీద చర్చిల హక్కు తీసేశారు. ప్రభుత్వం నుంచి ఒక్క గజం భూమి కూడా వద్దని, మతం రాజ్యం చెయ్యి పట్టుకోకూడదని మొదటి నుంచీ అన్నవాళ్లు బాప్టిస్టులు. ఈ మొండితనానికి గౌరవం ఇవ్వకుండా వాళ్ల తర్వాతి నిర్ణయాలు అర్థం కావు.

పంతొమ్మిదో శతాబ్దం చివర పడమటి మైదానాలు తెరుచుకున్నాయి. 1872 నాటి భూమి చట్టం కింద పది డాలర్ల రుసుము కడితే ఒక కుటుంబానికి 160 ఎకరాలు. రెండెకరాల జీడిమామిడి, కొబ్బరి తోట మీద సంసారం లాగే ఉద్దానం వాళ్లకు ఈ అంకె నమ్మశక్యంగా ఉండదు. కానీ దాని వల్ల వచ్చిన కష్టం ఉంది. మనిషి మనిషికీ మధ్య దూరం పెరిగింది. ఆరు మైళ్లకు ఆరు మైళ్ల చదరాలుగా కొలిచిన ఆ నేలలో, రైలు స్టేషన్, గోధుమ గోదాం పక్కన లేచిన చిన్న ఊళ్లో మెథడిస్టు గుడి ఒకటి, ప్రెస్బిటేరియన్ గుడి ఒకటి, కాంగ్రిగేషనల్ గుడి ఒకటి. మూడింటికీ కలిపి చూసినా ఒక గుడికి సరిపడే జనం లేరు. మూడు పొయ్యిలకు కట్టెలు, ముగ్గురు పాస్టర్లకు జీతాలు, అన్నీ తూర్పు నగరాల చందాల మీద. చలికాలంలో మైనస్ ముప్పై డిగ్రీల్లో ఈ ఖర్చుకు అర్థమేమిటని జనం అడగడం మొదలుపెట్టారు. 1902లో విన్నిపెగ్‌లో జరిగిన మెథడిస్టుల మహాసభకు అతిథిగా వచ్చిన ప్రెస్బిటేరియన్ విలియం పాట్రిక్ మనం ఎందుకు ఒకటి కాకూడదని బహిరంగంగా అడిగాడు. 1908కి కలయిక ఒప్పందం రాతప్రతి తయారైంది. పైవాళ్లు ఓట్లు వేసుకునేలోపే సస్కాచువాన్‌లోని మెల్విల్ వంటి ఊళ్లు తమంతట తామే ఒకే గుడి పెట్టేసుకున్నాయి. చివరికి పార్లమెంటు చట్టంతో, 1925 జూన్ 10న, టొరంటోలోని ఒక ఐస్ హాకీ మైదానంలో యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా పుట్టింది. వేలమంది ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకున్నారు. మెథడిస్టుల పెద్ద శామ్యూల్ చౌన్ మొదటి అధ్యక్షుడు కావలసినవాడు. ప్రెస్బిటేరియన్లలో మూడో వంతు మంది రాకుండా చీలిపోయి ఉన్నారు. వచ్చినవాళ్ల గాయం చల్లారాలని ఆయన పక్కకు జరిగి, ప్రెస్బిటేరియన్ అయిన జార్జ్ పిజన్‌కు ఆ స్థానం ఇచ్చాడు. చర్చి రాజకీయాల్లో ఇంత నిండైన పని నాకు మరొకటి కనబడలేదు.

బాప్టిస్టులను కూడా 1906లో పిలిచారు. వాళ్లు రాలేమన్నారు. మన దగ్గర చాలామంది దీన్ని గర్వమనో, మూర్ఖత్వమనో తేల్చేస్తారు. కెనడాలో పాత బాప్టిస్టు గుడి లోపలికి వెళ్తే సంగతి కళ్లకే తెలుస్తుంది. వేదిక మీద నేలచెక్కలు ఎత్తితే కింద తొట్టి ఉంటుంది. రెండు వైపులా మెట్లు, నడుము దాటేంత నీళ్లు. ఒక మెట్ల వరుస దిగి, పూర్తిగా మునిగి, రెండో వరుస ఎక్కి బయటికి రావాలి. పాత మనిషి సమాధిలోకి దిగి కొత్త మనిషి లేచాడని శరీరంతో చెప్పే పని అది. నాలుగు వీధుల అవతల యునైటెడ్ గుడిలో చెక్క స్తంభం మీద ఒక గిన్నె, అందులో దోసెడు నీళ్లు. తల్లి చేతుల్లో పసిబిడ్డ. ఇక్కడ చెప్పేది వేరు: బిడ్డ దేవుణ్ణి ఎరగక ముందే దేవుడు బిడ్డను ఎరుగును. మొదటిది మనిషి ఇచ్చే జవాబును, రెండోది దేవుడు వేసే పిలుపును చూపిస్తుంది. బాప్టిస్టుల ఎదుట ఉన్న ప్రశ్న గిన్నెలో నీళ్లు చాలా, తొట్టెడు కావాలా అన్నది కాదు. నమ్మానని నోటితో చెప్పలేనివాడికి ఇచ్చింది అసలు బాప్తిస్మమేనా అన్నది. ఈ ప్రశ్న అడిగినందుకు 1527 జనవరిలో జ్యూరిక్‌లో ఫీలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపారు. చంపించింది కతోలికులు కాదు, సంస్కరణ కోరిన ప్రొటెస్టెంటు నగర సభే. మన వైపు కూడా ఈ నమ్మకాన్ని అంతే గట్టిగా పట్టుకున్నారు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పిస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో తేలాలని. పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ముంచి ఇచ్చారు. ఇంత విలువ పెట్టి కొన్న నమ్మకాన్ని ఐక్యత పేరుతో ఊరికే వదులుకోమనడం న్యాయం కాదు.

1925 కలయిక ఎందుకు నెరవేరిందో ఇప్పుడు చూడవచ్చు. ఆ మూడు సంఘాల మధ్య పెద్దల పాలన ఎలా ఉండాలి, పాస్టరును ఎవరు నియమించాలి అన్న తేడాలున్నాయి గాని, ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు ఏనాడూ కాదనలేదు. ముందే ఒకరినొకరు క్రైస్తవులుగా ఒప్పుకున్నవాళ్లు తర్వాత ఒక కప్పు కిందికి వచ్చారు. ఆ ఒప్పుకోలు లేనిచోట మైదానాల చలి గాని, చందాల కొరత గాని ఎవరినీ కలపలేకపోయాయి. నా వాదం మొత్తం ఇదే. సంఘాల ఐక్యతకు మొదటి మెట్టు ఒకే పాలన కాదు, ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు గుర్తించడం. మొదటి మెట్టు పడితే రెండోది లేకపోయినా బతకవచ్చు. మొదటిది లేకుండా రెండోది కట్టలేం.

దీనికి 1975 కంటే మంచి రుజువు లేదు. ఆంగ్లికన్లు, యునైటెడ్ చర్చి 1943 నుంచి కలయిక గురించి మాట్లాడుకుంటున్నారు. 1971లో ఉమ్మడి కీర్తనల పుస్తకం వేసుకున్నారు. 1973కి పూర్తి ప్రణాళిక చేతికి వచ్చింది. బిషప్పుల వరుస అపొస్తలుల నుంచి తెగకుండా రావాలన్న పట్టింపు, ఆ వరుసలో లేని పాస్టర్ల అభిషేకాన్ని ఏమనాలి అన్న చిక్కు విడలేదు. 1975లో ఆంగ్లికన్ బిషప్పులు ఆ ప్రణాళిక తమకు సమ్మతం కాదన్నారు. ముప్పై ఏళ్ల కమిటీలు, ముసాయిదాలు అటకెక్కాయి. అదే 1975లో ఆంగ్లికన్, యునైటెడ్, ప్రెస్బిటేరియన్, లూథరన్ సంఘాలు, వాటితో పాటు కతోలిక సంఘం, నీళ్లతో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని తమలో ఎవరు ఇచ్చినా గుర్తిస్తామని ఒప్పుకున్నాయి. ఆస్తుల కలయిక విఫలమైన ఏడాదే మనుషుల గుర్తింపు నెరవేరింది. యాభై ఏళ్ల తర్వాత కూడా నిలబడి ఉన్నది ఆ రెండోదే. ఆంగ్లికన్లు, లూథరన్లు 2001లో వాటర్లూలో పూర్తి సహవాసం ప్రకటించుకున్నారు. ఒకరి బల్ల దగ్గర ఒకరు తీసుకోవచ్చు, ఒకరి గుడిలో ఒకరి పాస్టరు సేవ చేయవచ్చు. అయినా ఎవరి పాలన వాళ్లదే, ఎవరి ఖాతాలు వాళ్లవే.

మన దేశం ఇంకా ముందుకు వెళ్లిన సంగతి కెనడాలోనే చాలామందికి తెలియదు. 1919లో తరంగంబాడిలో డోర్నకల్ బిషప్ అజరయ్య మొదలుపెట్టించిన సంభాషణ, ఆయన పోయిన దాదాపు మూడేళ్లకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా పండింది. కెనడా ఆంగ్లికన్లు 1975లో దాటలేని బిషప్పుల చిక్కును మనవాళ్లు ఇరవై ఎనిమిదేళ్ల ముందే దాటారు. పాత పాస్టర్లను తిరిగి అభిషేకించకుండా ఉన్నవాళ్లను ఉన్నట్టు చేర్చుకున్నారు, అక్కడి నుంచి జరిగే అభిషేకాలు మాత్రం బిషప్పుల చేతి మీదుగా జరగాలన్నారు. బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. అయితే ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే కథ మారుతుంది. 1822 నుంచి కటక్‌లో పనిచేసిన బ్రిటిష్ బాప్టిస్టుల సంఘాల్లో చాలా భాగం 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో చేరాయి. మనస్సాక్షి అమ్ముకొని కాదు. ఆ చర్చి రాజ్యాంగంలోనే పసిబిడ్డల బాప్తిస్మం, విశ్వాసి బాప్తిస్మం రెండూ సమానంగా చెల్లే పద్ధతులని రాసుకున్నారు. పసిబిడ్డకు ఇవ్వడం మనసొప్పని పాస్టరును బలవంతపెట్టరు, మరొకరు వచ్చి ఇస్తారు. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు క్రైస్తవ చరిత్రలో ఇంత ధైర్యమైన వాక్యాలు తక్కువ. అవి మన సరిహద్దు నుంచి కూతవేటు దూరంలో అమల్లో ఉన్నాయి.

1982 జనవరిలో పెరూ దేశపు లిమా నగరంలో ప్రపంచ చర్చిల మండలి తరఫున వేదాంతులు బాప్తిస్మం, ప్రభు భోజనం, పరిచర్య అనే మూడు అంశాల మీద ఒక పత్రానికి ఒప్పుకున్నారు. వాళ్లలో కతోలికులు, ఆర్థడాక్సులు, బాప్టిస్టులు కూడా ఉన్నారు. బాప్తిస్మాన్ని ఒక్క రోజు ముచ్చటగా కాక జీవితమంతా సాగే ప్రయాణంగా చూడమంది ఆ పత్రం. ఒక దారిలో పసితనంలో నీళ్లు, పెరిగాక ఒప్పుకోలు. ఇంకో దారిలో పసితనంలో సంఘం ముందు ప్రతిష్ఠ, పెరిగాక ఒప్పుకోలు, నీళ్లు. దేవుడి కృప, సంఘం పెంపకం, మనిషి విశ్వాసం, నీళ్లు నాలుగూ రెండు దారుల్లోనూ ఉన్నాయి, వరుస మాత్రమే వేరు. కాబట్టి మళ్లీ బాప్తిస్మం ఇచ్చినట్టు కనిపించే పని ఎవరూ చేయవద్దని కోరింది. మన భాషలోనే దీనికి ఒక గుర్తు ఉంది. శ్రీకాకుళం కతోలికులు జ్ఞానస్నానం అంటారు, టెక్కలి బాప్టిస్టులు బాప్తిస్మం అంటారు. బాప్టిస్టులు దాన్ని ప్రభువు పెట్టిన కట్టడ అంటే, కతోలికులు సంస్కారం అంటారు. మొదటి జంట ఒకే పనికి రెండు పేర్లు, రెండో జంట రెండు నమ్మకాలు. ఈ తేడా చెరపకుండానే మొదటి జంట ఒకటేనని చెప్పుకోవచ్చు. మరుసటి ఏడాది కెనడాలోని వాంకూవర్‌లో మండలి మహాసభ జరిగినప్పుడు లిమా పత్రాన్ని అనుసరించి ఒక ఆరాధన జరిగింది. కతోలికులు, ఆర్థడాక్సులు అందులో ప్రార్థనలు చేశారు, వాక్యం చదివారు, కానీ బల్ల దగ్గర రొట్టె తీసుకోలేదు. నేను ఇది దాచను. బాప్తిస్మం గుర్తించినంత మాత్రాన బల్ల తెరుచుకోదు. కతోలికులకు ప్రభు భోజనం పూర్తి ఐక్యతకు ఫలం, ప్రొటెస్టెంట్లలో చాలామందికి అది ఐక్యతకు దారి. ఈ చిక్కు ఇంకా విడలేదు. అయినా ఎదుటివాణ్ణి క్రైస్తవుడేనని ఒప్పుకొని, ఇంకా కలిసి తినలేకపోతున్నామని బాధపడటం వేరు. నువ్వు ఇంకా క్రైస్తవుడివే కాలేదనడం వేరు.

బాప్టిస్టు పెద్దలు ఇక్కడ అడ్డుపడతారు, అడ్డుపడాలి కూడా. శిశువుకు ఇచ్చింది బాప్తిస్మం కాదని మా నమ్మకం, దాన్ని గుర్తిస్తే అబద్ధం ఆడినట్టు కాదా? నా జవాబు బాప్టిస్టుల ఇంట్లో నుంచే వస్తుంది. యాత్రికుని ప్రయాణం రాసిన జాన్ బన్యన్ విశ్వాసి బాప్తిస్మం నమ్మినవాడు. ఆయనే 1673లో నీటి బాప్తిస్మం గురించిన అభిప్రాయభేదం బల్ల దగ్గరికి రావడానికి అడ్డు కాకూడదని ఒక పుస్తకమే రాశాడు. తన సంఘంలో ఎవరికీ శిశు బాప్తిస్మాన్ని నేర్పమనలేదు. ఎదుటివాడి బ్రతుకులో క్రీస్తు కనిపిస్తుంటే అతణ్ణి క్రీస్తు చేర్చుకున్నట్టే కదా, నేను తోసేయడానికి ఎవరిని అన్నాడు. మన సంఘంలో విశ్వాసికే ముంచి ఇస్తామనే నియమం అలాగే ఉంచుకోవచ్చు. బయటి నుంచి వచ్చిన విశ్వాసి తన చిన్ననాటి బాప్తిస్మాన్ని నోరారా ఒప్పుకుంటుంటే, ఆ ఒప్పుకోలుకు విలువ ఇవ్వమనే నేను అడుగుతున్నాను. ఆ ఒప్పుకోలే గదా మనం మొదటి నుంచీ కోరింది.

ఇంకొందరు కలిసి ఏం సాధించారని అడుగుతారు. ఈ ప్రశ్న మరింత కఠినమైనది. యునైటెడ్ చర్చి సభ్యత్వం 1960ల తర్వాత పడిపోతూ వచ్చింది. కానీ కలవకుండా మిగిలిన ప్రెస్బిటేరియన్ల సంఖ్యా పడిపోయింది, కాబట్టి కారణం కలయిక కాదు. అంతకంటే చేదు నిజం ఉంది. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసిన రెసిడెన్షియల్ బడులను ప్రభుత్వంతో కలిసి నడిపిన చర్చిల్లో కలిసిన చర్చీ ఉంది, కలవని చర్చిలూ ఉన్నాయి. యునైటెడ్ చర్చి ఆదివాసులను 1986లో ఒకసారి, ఆ బడుల విషయమై 1998లో మరోసారి క్షమాపణ అడిగింది. 1925 నాటి పెద్దలు ఒకే చర్చి, ఒకే జాతి అని కలగన్నారు. ఆ కలలో ఆదివాసి పిల్లవాడి భాషకు చోటు లేకపోయింది. అందుకే ఒక పెద్ద సంస్థగా మారడమే ఐక్యత అంటే నాకు భయం. మన దగ్గర ఆస్తుల కోసం కోర్టులెక్కిన చర్చి తగాదాలు చూసినవాళ్లకు ఈ భయం చెప్పనక్కర్లేదు. గుర్తింపుకు ఆస్తి అక్కర్లేదు. పైగా తెలుగు నేల మీద బల్లకు మరో గోడ ఉంది, కులం. ఒకే గిన్నె నుంచి ఎవరి తర్వాత ఎవరు తాగాలి అన్న పట్టింపు సిద్ధాంతాల నుంచి పుట్టింది కాదు. ఈ గోడ సంఘాల మధ్య ఒప్పందాలతో పడదు. కానీ బాప్తిస్మం ఒకటే అని పత్రం మీద రాసుకున్నవాడికి ఆ పట్టింపును సమర్థించుకోవడం కష్టమవుతుంది.

మన సంఘాలు ఈ దారిలో కొంత నడిచినవే. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదు చేరిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు, మెథడిస్టులు ఒకే తరగతిలో చదివి పాస్టర్లవుతున్నారు. అయినా అదే తరగతిలో చదివిన సి.ఎస్.ఐ. లేదా లూథరన్ పాస్టరు సంఘంలో పెరిగి, పద్దెనిమిదో ఏట కన్ఫర్మేషన్ తీసుకొని, ఏళ్ల తరబడి బల్ల తీసుకున్న అమ్మాయి, పెళ్లయి టెక్కలి వైపు కోడలిగా వస్తే, బదిలీ ఉత్తరం చేతిలో ఉన్నా సాధారణంగా మళ్లీ నీళ్లలోకి దిగమంటారు. కతోలికులు తమ నియమం ప్రకారం అలాంటి అమ్మాయికి రెండోసారి జ్ఞానస్నానం ఇవ్వరు. ఆ ఉత్తరం తీసుకొని, సంఘం ముందు ఆమె చేత విశ్వాసపు ఒప్పుకోలు చెప్పించి, సభ్యురాలిగా పేరు రాసుకోవచ్చునని ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్ ఒక తీర్మానం చేయవచ్చు. బాప్టిస్టులు పెద్దవాళ్లకు ముంచి ఇచ్చే బాప్తిస్మాన్ని సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాలు ఎలాగూ కాదనవు. ఆ తీర్మానం కోసం కాకినాడలో గాని, డోర్నకల్‌లో గాని, గుంటూరులో గాని ఒక్క ఆస్తి దస్తావేజు కూడా బయటికి తీయనక్కర్లేదు.